ఎర్రసిరా, వెడల్పు పాళీ

కొత్త సీసా మూత తీస్తే
తడి ఇనుము వాసన, అడుగున కొంచెం లవంగం.
గాజుకడ్డీ ముంచి ఒక గీత లాగాను.
తెర్రానో వైను ఒలికిన మేజాగుడ్డకి
మర్నాడు పొద్దున ఉండే రంగు.
"నెత్తురులా ఉందా?" లోపల్నుంచి లీవియో.
కాదు. నెత్తురు సాయంత్రానికి గోధుమరంగుకి తిరుగుతుంది,
వేలు కోసుకున్న వాళ్ళందరికీ తెలిసిందే.

బయట బోరా గాలి.
త్రియెస్తేలో ఈ గాలి లేచిన రోజు
మా కొట్టుకొచ్చేవాళ్ళలో సగంమంది
కొనడానికి కాదు, వెనక తలుపు మూసుకోడానికి.
ఆవిడా అలాగే వచ్చింది, సిన్యోరా కొస్సుత్త.
రొయానో బడిలో ముప్పై నాలుగేళ్ళు మూడో తరగతి.
నాకూ చెప్పింది. గుర్తుపట్టలేదు.
నా చేతిరాత చూస్తే పట్టేదేమో.

కలం నింపి చేతికిచ్చాను,
రాసి చూడమని పెట్టిన పుస్తకం ముందుకు జరిపాను.
జనం అందులో ఏం రాస్తారు?
సంతకం. ఎనిమిది మీద ఎనిమిది మీద ఎనిమిది.
ఒక పిల్లాడి ఓడ, పొగతో సహా.
ఇవాళ్టి తారీఖు, తప్పుగా.

ఆవిడ ఏమీ రాయలేదు.
దిద్దడం మొదలుపెట్టింది.

ముక్కూమొహం తెలియని వాళ్ళ అక్షరాల నెత్తిన
టకటకా ఎరుపు దిగింది.
ఇక్కడో ఒత్తు, అక్కడో ఒత్తు.
ఒత్తులు మింగేసే ఊరు మాది,
అమ్మ ఒళ్ళోంచే అలా మాట్లాడతాం,
బడికెళ్ళాక ఒక్కొక్కటే కక్కిస్తారు.
తారీఖు సరిచేసింది.
ఓడకి లంగరు లేదని లంగరు వేసింది.

పేజీ అడుగున వెలిసిన నీలంలో ఎవరో
"ఎదురుచూస్తుంటా" అని రాసి పోయారు.
మా వీధి మాటలో, ఒత్తు లేకుండా.
ఎవరు, ఎవరికి, ఏ గాలి రోజున, తెలీదు.

కలం అక్కడ ఆగింది.
పాళీ కొసన చుక్క ఊరింది,
లావైంది,
పడింది.

అద్దుడు కాగితం అందివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది.
ఇద్దరం ఆ చుక్కనే చూస్తూ నిలబడ్డాం.
అంచులు ముదిరాయి. నడుమ ఒక్క క్షణం
పేడపురుగు వీపు మీది పచ్చ తళుక్కుమంది.
"తడెక్కువ," అంది. "పిల్లల పుస్తకాలకి పనికిరాదు,
వెనక పేజీకి దిగుతుంది."
అని చిల్లర లెక్కపెట్టి చిన్న సీసా కొనుక్కుంది.
దిద్దడానికి ఇంట్లో ఎవరున్నారని నేనడగలేదు.

వెళ్ళాక చూశాను.
ఆ మాట మీద ఒత్తు పెట్టలేదు.
పక్కన మార్కు వేసింది: ఆరు.
పదికి ఆరు, మా బడుల్లో గట్టెక్కే మార్కు.
మా భాషలో ఆరు అనే మాటా
"ఉన్నావు" అనే మాటా ఒకటే.
ఆవిడ ఏది వేసిందో నాకు తెలియదు.
నాకెప్పుడూ అయిదే వచ్చేది.

కొట్టు కట్టేముందు పాళీ కడిగాను.
ఏడుసార్లు నీళ్ళు మార్చినా గ్లాసులో ఇంకా గులాబీ,
చూపుడువేలి గోటి కింద కూడా.
"ఇంతకీ ఎలా ఉందోయ్ ఆ ఎరుపు?"
లీవియో దీపాలార్పుతూ అడిగాడు.
ఆరడానికి టైం పడుతుంది, అన్నాను.