నల్ల రంగు

కొర్లగుంట మలుపులో మా అంగడి.
ఇనుము, తోలు, రివిట్లు.
పోలియో కాళ్ళకు కాలిపర్లు కడతా.

చరిత్ర చెప్పే గుర్రప్ప అయివారు
నేను పట్టీ బిగించేదాకా ఊరకుండలేడు:
"మునికిష్టా, అంత యుద్ధం నడిపిన రూజ్‌వెల్టుకీ
ఇదే ఇనుము.
బూటు రంగులో కలిసిపోవాలని
నల్లరంగు పూయించినాడు.
కొడుకు చెయ్యి పట్టుకోని నాలుగడుగులేస్తే
లోకం నడకనుకునింది."

గంగజాతరలో మనం కట్టే వేషం
ఇంటికొచ్చి కడిగేస్తాం.
ఆయన గద్దెమీద పన్నెండేండ్లు కడగలేదు.

రేడియోలో మాత్రం
పక్కింటాయన మాదిరి మాట్లాడేవాడంట.
కొడుకును పట్టుకున్న ఆ చెయ్యే
ఒక్క సంతకంతో
జపాను మొగాలని సొంత జనాన్నే
ముళ్ళకంచెలోకి తోలిందంట.
ఆ మాట చెప్పి అయివారు
తానే సంతకం పెట్టినట్టు
చేతులు ఒళ్ళో దాచుకున్నాడు.

బెంచీమీద రెడ్డెమ్మ. తొమ్మిదేండ్లు.
అంతా వినింది.
"మామా, నాదానికి నలుపొద్దు.
ఎర్రది పుయ్యి.
బడిలో అందరికీ కనపడాల."

ముప్పై ఏండ్లుగా
ఎర్రరంగు అడిగినోళ్ళు లేరు.
నల్ల డబ్బా మూత కొట్టి
సైకిలెక్కినా.