వాంగ్మూలంలో ఒక కామా

లార్న్ రేవులో పదిహేడేళ్ళ కుర్రాడు నీళ్ళపాలైన రాత్రి గురించి
కాపలాదారు నోయెల్ మెకిల్వీన్
సాక్షి కుర్చీలో నాలుగు గంటలు మాట్లాడాడు.
టైపు చేయాల్సింది ఓర్లా.
చెవులకు హెడ్‌ఫోన్లు, పాదం కింద పెడల్,
పక్కన చల్లారి తొరక కట్టిన టీ.

లండన్ నుంచి వచ్చిన వకీలుకి
మొదటి పూటంతా తికమకే.
ఆ వైపు మనుషులు ఉన్నమాట చెప్పినా
చివర గొంతు పైకే లేస్తుంది.
"గేటు నేనే మూశాను" అంటే
మూశానా అని అడిగినట్టు.
"నన్నడుగుతారేమిటి?" అని విసుక్కున్నాడాయన.
"అడగలేదయ్యా, చెప్పాను" అన్నాడు నోయెల్.
అదీ పైకే లేచింది.

మనకీ తిప్పలు తక్కువ.
చివర ఒక్క దీర్ఘం తగిలిస్తే
వచ్చాడు కాస్తా వచ్చాడా అవుతుంది,
కాగితం మీదైనా సరే.
పదాలు తారుమారు చేసి అడగడం ఇంగ్లీషుకీ వచ్చు,
తొందరలో ఆ శ్రమ ఎవరు పడతారు?
సగం వ్యాకరణం గొంతులోనే దాచుకుని
తక్కిన సగాన్ని కాగితానికి పంపుతుంది.

రెండో టేపు, నలభై ఒకటో నిమిషం.
"ఐ డిడ్న్ట్ లీవ్ బికాజ్ ఐ వాజ్ కోల్డ్."
ఏడు మాటలు.
లీవ్ దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటే
చలేసింది, అందుకే గది వదల్లేదని.
ఆగకుండా ఒకే దమ్మున కోల్డ్ దాకా వెళ్ళి
అక్కడ కాస్త కుంగి, లేచి, గాల్లో నిలబడితే
వెళ్ళాడు.
వెళ్ళింది చలికి మాత్రం కాదు.
మరి దేనికి?
ఆ మాట ఎవరూ అడగలేదు.
వకీలు చెవికి కామా వినిపించింది,
కాగితం తిప్పేశాడు.

ఓర్లా పెడల్ నొక్కింది. వెనక్కి. మళ్ళీ వెనక్కి.
పదకొండు సార్లు.
ఆమె పెరిగింది ఆ రేవుకి రెండు మైళ్ళ దూరంలో.
పాలవాడూ నాన్నమ్మా పాస్టరుగారూ
అందరూ అలా ఎత్తి మాట్లాడేవాళ్ళే,
ఆ ఎత్తుని ఆమె పట్టించుకోదు.
కోల్డ్ దగ్గరి కుంగు వేరు.
తలుపు వేయబోయి
ఎందుకో వేయకుండా వదిలేసినట్టు.

లీవ్ తరవాత ఊపిరి ఉందా?
ఏదో ఉంది.
ఎనిమిదోసారికి తెలిసింది, దగ్గు. గ్యాలరీలో ఎవరిదో.

విన్నది రాయాలి, అర్థమైంది కాదు,
అని గోడ మీద నియమావళి.
కామా పెడితే నోయెల్ రాత్రంతా గదిలోనే ఉన్నట్టు.
పెట్టకపోతే ఉన్నట్టూ, లేనట్టూ.
వేలు ఆ మీట మీద చాలాసేపు ఉంది.
పెట్టలేదు.

టేపు సాగనిచ్చింది.
వకీలు తరవాతి ప్రశ్న అందుకునే లోపు
నాలుగు సెకన్ల ఖాళీ.
అందులో ఒక కుర్చీ కీచుమంది, మడమల చప్పుడు, తలుపు.
ఆ రోజు తనూ ఆ హాల్లోనే ఉంది.
కుర్రాడి తల్లి హెస్టర్
కోటైనా తీసుకోకుండా లేచి వెళ్ళిపోవడం చూసింది.
తలనొప్పేమో అనుకున్నారు పక్కవాళ్ళు.

ఇలాంటివి రాయనక్కర్లేదు.
తలుపు చప్పుడు, అని టైపు చేసింది.