అరుగుదల

నర్సాపురం లాకు పక్కన
పాత ఇరిగేషన్ ఆఫీసులో మా మ్యూజియం.
నేను అటెండర్ని. తాళాలు, చీపురు, రిజిస్టరు నావి.
మిగతావన్నీ ఊరివి.

నిరుడు దాకా ఏడాదికి నాలుగొందల మంది,
అందులో సగం వానకి తలదాచుకున్నవాళ్లు.

తర్వాత భీమవరం నుంచి నస్రీన్ వచ్చింది, భుజాన మిషనుతో.
గెడ చుట్టూ, పంటు టిక్కెట్ల కట్ట చుట్టూ
దిష్టి తీస్తున్నట్టు మూడేసిసార్లు తిప్పింది.
సాయంత్రానికి మా వస్తువులన్నీ ఫోనులో ఉన్నాయి,
దుమ్ము లేకుండా.
దుమ్ము తుడవడమే నా ఉద్యోగం కదా,
ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పుడు మస్కట్‌లో ఎవరో అర్ధరాత్రి
మా గెడని వేలితో తిప్పి చూస్తారట.
నెలకి పదకొండు వేల మందని నస్రీన్ లెక్క.
గుమ్మంలో చెప్పులు మాత్రం
అప్పుడెన్నో ఇప్పుడూ అన్నే.

ఎనభయ్యారు వరద గదిలో
బడిపిల్లలకి కళ్లజోళ్లు తగిలిస్తాం.
నీళ్లు రాగానే, పొడి గచ్చు మీద,
లాగులు పైకి లాక్కుంటారు.
మనవడి కోసం వచ్చిన పెమ్మాడి సత్తెమ్మకీ ఒకటి ఇచ్చాను.
చేత్తో బరువు చూసి తిరిగిచ్చేసింది.
"నేను ముక్కుదాకా చూశానులెండి.
ఇందులో చచ్చిన గేదెల వాసనొస్తుందా?"
రాదన్నాను.
"మరి వరదెలాగవుద్దండీ. నీళ్లు, అంతే."

గోడలో ఒక గొంతు పెట్టారు, ఏదడిగినా చెబుతుంది,
వార్తలు చదివేవాళ్ల తెలుగులో.
గెడని "పొడవైన వెదురు కర్ర" అంది.
సత్తెమ్మ ఆగింది. గోడకేసి తిరిగి,
బళ్లో కొత్తగా చేరిన పిల్లకి చెప్పినట్టు
గెడ వేయడం, గెడకి అడుగు అందకపోవడం,
అప్పుడు నావలో మొహాలు ఎలా మారతాయో
గంటసేపు చెప్పింది.
నస్రీన్ మిషను ఆపలేదు.
వారం తిరక్కుండా గోడ "గెడండి" అంది.
ఆ "అండి" ఎక్కడిదో నేను చెప్పక్కర్లేదు.

అయినా నా మట్టుకు అసలు మార్పు అది కాదు.

నాలుగో బీరువాలో లేసు అల్లే కొక్కెం సూది,
ఇనపది, నంబరు నూట నలభై ఏడు.
మార్చిలో పాలపర్తి ఎస్తేరు వచ్చి అడిగింది:
"కొత్త సూదులు చేతిలో నిలవటంలేదండి.
మా అమ్మది ఓ నాలుగు రోజులిస్తారా?"
కమిటీ మూడుసార్లు కూర్చుంది. ఒకాయన రూల్సన్నాడు.
ఒకాయన ప్లాస్టిక్‌లో అచ్చు తీసిద్దామన్నాడు.
తీసిచ్చారు కూడా. అచ్చం అలాగే ఉంది.
దారం దాని మాట వినలేదు.

ఇప్పుడు ప్రతి శుక్రవారం సూది ఇంటికెళ్తుంది,
సోమవారం వస్తుంది.
ఈలోగా అద్దం వెనక ఎర్రగుడ్డ, దాని మీద సూదంత పల్లం.
ఎందుకో, ఎక్కువమంది దాన్నే ఫొటో తీసుకుంటారు.

"వస్తువు స్థితి" అన్న గడిలో
పాతికేళ్లుగా బాగుంది, బాగుంది అని రాసినవాణ్ణి
నిన్న కిటికీ వెలుగులో పట్టుకు చూసి రాశాను:
కొంచెం అరిగింది.
వెచ్చగా ఉంది.