మూడు కన్నుల చీటీ

గుర్రాలు పంటు మీద వచ్చాయి,
కొబ్బరి బస్తాలకీ మోటారుసైకిళ్ళకీ మధ్య,
గోదారి వంక చూడకుండా.
కోటిపల్లి రేవులో రేటు బోర్డు మీద
మనిషికింత, బండికింత అని ఉంది;
గుర్రానికెంతో ఎవరూ రాయలేదు.

లంక మీద మిరప మొక్కలు పీకేశాక
మిగిలిన చదును నేల.
గట్టు లేదు, గొయ్యి లేదు, దూకాల్సిందేమీ లేదు.
ఆ చివర రెండు సరుగుడు గుంజలు,
మధ్యన కొబ్బరి తాడు.

నాలుగేళ్ళు దాటిన ఆడగుర్రాలకే ఈ పందెం.
దావూదు సాయిబు ఒక్కొక్కదాని పెదవి ఎత్తి
పళ్ళు చూస్తాడు, జట్కా తోలిన తాత వేళ్ళతో.
“ఇది అయిదు. ఇది ఆరు నిండింది.
యజమాని ఆడతాడు గానీ అబద్ధం,
పళ్ళు ఆడవు.”
జాజికాయ మొహం తిప్పుకుంది
నలుగురిలో వయసడిగినట్టు.

నేను చీటీలు రాసేవాణ్ణి.
వారమంతా ఐసు ఫ్యాక్టరీ పద్దులు రాసే చెయ్యి
ఆదివారం ఇదీ రాస్తుంది.
రొయ్యల చెరువుల భద్రిరాజు గారు అయిదువేలు, పులస మీద.
వలలు కుట్టే పేరయ్య మూడొందలు, పులస మీద.
ఇంటావిడ దిద్దులు కుదువపెట్టి వచ్చినవాడు
“పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు కదండీ” అని నవ్వాడు.
నేను నవ్వలేదు. రాశాను.
హైదరాబాదులో రెండుసార్లు గెలిచిందట పులస,
కాలు బెణికితే అమ్మేశారట.
అది గెలిస్తే రూపాయికి రూపాయి,
జాజికాయ గెలిస్తే రూపాయికి ఆరు.

వీళ్ళందరికన్నా ముందు, ఎండెక్కకముందే
ముంజల చెల్లాయమ్మ వచ్చింది.
కొంగు ముడిలోంచి నాలుగొందలు, చెమ్మగా.
“పులస మీదెయ్యి. పేరు మాత్రం రాయకు.”
పేరుండాల్సిన చోట ముంజకాయ గీశాను,
మూడు కన్నులు.
“మూడోది బాగా ముదిరిపోయింది,” అంది చూసి.

ఈల.
ఆరు గుర్రాలు, ఒకటే చప్పుడు,
ఆరబోసిన ధాన్యం మీద వాన పడ్డట్టు.
జనం పేర్లు మరిచి “అదే, అదే” అని అరిచారు,
ఎవరి అదే వాళ్ళది.
పులస ముందు. ఇంకా పులసే ముందు.
ఆఖరి నలభై గజాల్లో
జాజికాయ మెడ చాచింది,
అటక మీది డబ్బా అందుకునే మనిషిలా.

తాడు దగ్గర దుమ్ము, దుమ్ములో రెండు ముక్కులు.
ఫోన్లో పట్టినవాడికి
సొంత బొటనవేలు తప్ప ఏమీ పడలేదు.
గొడవ. చొక్కా చేతులు మడతలు పడ్డాయి.
అప్పుడెవరో అన్నారు,
“చెల్లాయమ్మనడగండ్రా, తాడు పక్కనే కూచుంది.
పందెం కట్టని మనిషి ఈ లంకలో ఆవిడొక్కతే.”

చీటీల కట్ట నా జేబులో బరువెక్కింది.
ఆవిడ నా వైపు చూడలేదు.
ముంజ చెక్కుతూ, కత్తి ఆపకుండా,
“జాజికాయ,” అంది. “ముక్కంత కూడా కాదు. పెదవంత.”
భద్రిరాజు గారు కూడా మారు పలకలేదు.

చీకటి పడేలోపు లెక్క తేల్చేశాను.
ఓడిన చీటీలన్నీ రేవు గాలికి వదిలాను,
ఒకటి తప్ప.
అన్నట్టు, నాదీ ఒకటుంది, చెప్పలేదు కదూ,
జాజికాయ మీద యాభై.
మూడొందలొచ్చాయి. పట్టుకుని
బుట్టలో మిగిలిన ముంజలన్నీ కొనేద్దామని పరిగెత్తాను.

పంటు కదిలిపోయింది.
చెల్లాయమ్మ పులస పక్కన నిలబడి ఉంది.
అమ్ముడుపోని ముంజ ఒకటి అరచేతిలో పెట్టి
చెయ్యి చాపింది.
వాసన చూసి, కాసేపు ఆలోచించి,
పులస పెదవితో అందుకుంది.