తొమ్మిది, పన్నెండు

మస్తానమ్మ పెద్దమ్మ కాగితాన్ని తలకిందులుగా పట్టుకొని వచ్చింది.
పుళియాంతోపు హౌసింగ్ బోర్డు, మూడో అంతస్తు,
మెట్టుకో మోకాలి నొప్పి.
"ఏందమ్మీ ఇది? ఎవురి సొమ్ము తిన్నానంట నేను?"

అరవంలో ఉంది.
అరవంలో బతికి తెలుగులో ఏడ్చే ఇల్లు మాది.
చదివి చెప్పాను.
పెన్షన్ ఎక్కువ పడిందట,
ముప్పై నాలుగు నెలలు, నెలకు నాలుగున్నర వేలు.
లక్షా యాభై మూడు వేలు వెనక్కి రావాలట.
వచ్చే నెల నుంచి బ్యాంకే మూడేసి వేలు కోసుకుంటుందట.

మొగుడు పోయాక ఏడేళ్ల దాకా ఒక లెక్క,
ఆ తర్వాత తగ్గిన లెక్క.
తగ్గించడం మరిచింది వాళ్లు.
బాకీ పడింది ఈవిడ.

"బ్యాంకు తప్పు చెయ్యదని నాకు చెప్పింది బ్యాంకే గదా"
అంటుంది.
ఆ నాలుగున్నర వేలూ ఎక్కడున్నాయో చూపించమంటే
ఖాళీ గ్యాసుబండనీ
మందుల షాపు సంచినీ చూపిస్తుంది.

రిప్పన్ బిల్డింగు వెనక జిరాక్సు కొట్టు నాది.
నాదంటే నాది కాదు, పని నాది.
కాగితానికి రెండు రూపాయల చొప్పున
ఊరి బాధలన్నీ వేడివేడిగా నా చేతుల మీదుగానే బయటికొస్తాయి.
అందుకే తెలుసు:
ముందు అడగాల్సింది దయ కాదు, లెక్క.
ఏ రోజు నుంచి, ఏ నెలదాకా, పొరపాటు ఎవరిది,
రాతలో ఇవ్వండి అని రాశాను.

ఇరవై మూడు రోజులకు వచ్చింది పట్టిక.
అంకెల అడవి.
దాని నెత్తిన ఒక చిన్న గడి:
ఉద్యోగి మరణించిన తేదీ, 12-9.

పెంచలయ్య పెదనాన్న పోయింది 9-12.

ఎవరో గుమాస్తా
రోజును నెల కుర్చీలో కూర్చోబెట్టాడు.
మూడు నెలలు ముందే చంపేశాడు మనిషిని.

ఆ మూడు నెలల్లో
దీపావళి మర్నాడు టపాకాయల కాగితం చీపురుకు అంటుకుంటోందని
ఊరంతటినీ తిట్టాడాయన.
వానల్లో పట్టాళం కాలవలోకి నడుం లోతు దిగాడు.
ఒక కుక్కపిల్లను చొక్కాలో దాచి తెచ్చి
పెద్దమ్మ చేత చీవాట్లు తిన్నాడు.
వరదొచ్చిన వారం ఇంటికే రాలేదు.
వచ్చినప్పుడు ఒళ్లు కాలిపోతోంది.

"ఆయన బతికిన రోజులు కూడా
నా బాకీలో రాశారా?"

పెద్దమ్మ బిస్కెట్ డబ్బా మూత తీసింది.
అక్టోబరు జీతం చీటీ. నవంబరు జీతం చీటీ.
కార్పొరేషన్ ముద్ర, నీలం ఇంకా వదల్లేదు.
"చచ్చినోడికి జీతమిచ్చారా అని రాయి."

అంత ఘాటుగా రాయలేదు.
అర్థం మాత్రం అదే.

కింద ఇంకో పేరా.
మిగిలిన ముప్పై ఒక్క నెలలూ
ఈవిడ ఏదీ దాచలేదు, ఎవరినీ మోసం చెయ్యలేదు.
ఏటేటా బతికే ఉన్నానని వేలిముద్ర వేసింది.
వేలు పట్టుకున్న ఏ చెయ్యీ
అమ్మా, నీ లెక్క మారింది అని చెప్పలేదు.
కనుక వసూలు మానండి.
తేలేదాకా కోత ఆపండి.

కౌంటరులో ఆయన కాగితం తీసుకొని
"చూస్తాం, వెళ్లండి" అన్నాడు.
నకలు మీద ముద్ర వెయ్యడట.
పెద్దమ్మ అక్కడే కింద కూర్చుంది.
"నా మొగుడు ఊడ్చిన వరండానే ఇది.
నాకేం మురికి లేదు, కూర్చుంటా."
మధ్యాన్నం మూడింటికి
ముద్ర పడింది, కొంచెం వంకరగా.

రెండు నెలలకు జవాబు.
తేదీ సరిచేశారట. పదమూడు వేల ఐదొందలు కొట్టేశారట.
మిగతాది పరిశీలనలో ఉందట.
కోత సంగతి ఎత్తనేలేదు.
ఈ నెలా మూడు వేలు పోయాయి.

నేను కోత గురించి చెబుతుంటే
ఆమె వేలు ఆ గడి మీదే ఆగింది.
"తొమ్మిది ముందుందా, పన్నెండు ముందుందా?"
"తొమ్మిదే, పెద్దమ్మా."

కాగితాన్ని మడిచి
జీతం చీటీల మధ్య పెట్టి
డబ్బా మూత నొక్కింది.
"సరే. కూర్చో.
ఇంక కోతకి రాయి."