పావు చుట్టు

చీపురుపల్లి దారిలో, రైలు కట్టను ఆనుకొని
మా గోగునార మిల్లు.
ఐటీఐ కాగితం పట్టుకుని చేరిన రోజున
తవిటయ్య నా చేతికి గ్రీజు గన్ను ఇవ్వలేదు,
పాత గుడ్డపేలిక ఇచ్చాడు.
"ముందు నిపుల్ తుడు. దుమ్ము మీద గ్రీజు కొడితే
ఇసక కలిపి అన్నం ఎట్టినట్టే."

పుట్టినవాళ్లు పుట్టినట్టే పోతుంటే
ఇతన్ని చేటెడు తవుడుకి అమ్మి, మళ్లీ కొనుక్కుందట తల్లి.
తవుట్లో కూడా నూనె ఉంటాదిరా, అని నవ్వేవాడు,
పిండేవోడుండాల గానీ.

మొదటి నెలలోనే నేనొక బేరింగును చంపాను.
తక్కువై కాదు, ఎక్కువై.
కార్డింగ్ మిషను, మోటారు వైపు, అరవై మూడు పది నంబరు.
కొట్టాను, కొట్టాను, సీలు పక్కనుంచి పొంగేదాకా కొట్టాను,
పెళ్లి పంక్తిలో కొసరి కొసరి వడ్డించే మేనమామలా.
రెండో షిఫ్టు దాటకముందే హౌసింగు మీద చెయ్యి ఆనలేదు.
విప్పితే గోళీలు నీలం తిరిగి ఉన్నాయి,
గ్రీజు మాడిన బెల్లప్పాకం.
సూపర్‌వైజరు అరిచాడు. తవిటయ్య అరవలేదు.
ఆ నల్లటిదాన్ని వేళ్ల మధ్య నలిపి నాకు వాసన చూపించాడు.
"పీకదాకా ఎట్టీసినావు. దొర్లడానికి సోటేదిరా గుంటడా?
మూడోవంతు సాలు. మిగిలింది గాలికి ఒగ్గీ."

ముప్ఫై ఏళ్ల మగ్గాల మోత
అతని చెవుల్ని ఎప్పుడో తినేసింది.
పిలిస్తే పలకడు, భుజం తట్టాలి.
అయినా ఏ బేరింగు మూలుగుతోందో చెప్పేది అతనే.
పెద్ద స్క్రూడ్రైవరు మొన హౌసింగుకి ఆనించి
పిడిని పళ్ల మధ్య కరిచి
కళ్లు మూసుకునేవాడు.
కబురు దవడ ఎముకలోంచి వచ్చేది.
రేకు మీద చినుకులు పడ్డట్టుంటే ఆకలి.
ఎండిన కందికాయ గలగలమన్నట్టుంటే
లోపల కేజి విరిగింది, మిషను ఆపాల్సిందే.
ఎక్కడో దూరాన ఏరు పారినట్టుంటే
పిడి మీద ఎంగిలి తుడిచి
పక్క మిషనుకి నడిచేవాడు.

ఆ ఏడు వానాకాలం మిల్లు మూశారు.
గేటుకి నోటీసు, నోటీసు మీద వాన.
కొందరు విశాఖ పోయారు, కొందరు చెన్నైలో సెంట్రింగు పనికి.
నేను రాజాంలో సైకిళ్లకు పంక్చర్లు వేశాను.
తవిటయ్య మాత్రం ప్రతి సోమవారం
వాచ్‌మన్ ఎర్రన్నాయుడికి రెండు చుట్టలిచ్చి
చిన్న గేటులోంచి దూరేవాడు.

ఒకసారి నన్నూ తీసుకెళ్లాడు.
చీకటి షెడ్డు. గబ్బిలాలు. మిషన్ల మీద గోధుమరంగు నార బూజు.
ఆగిపోనాది గదా, ఇంక అరుగుదలేటి? అని చెవి దగ్గర అరిచాను.
నా అరచెయ్యి పట్టుకుని నేలకి ఆనించాడు.
బొగ్గు గూడ్సు పోతోంది, ఖరగ్‌పూర్ వైపు నుంచి.
మోచేతి దాకా వణికింది.
"రోజుకి ఎన్ని బళ్లో లెక్కెట్టు.
అదే గోళీ, అదే సోటు, అదే బరువు.
తిరిగినప్పుడు తగల్ని దెబ్బ
నిలబడితే తగుల్తాది."
ఒక్కో షాఫ్టుకి పావు చుట్టు.
చేత్తోనే. నలభై రెండు మిషన్లు.
జీతం లేదు, రిజిస్టరు లేదు,
ఇంటికొస్తే మోకాలికి ఆముదం రాస్తూ
తిట్టిపోసే సన్నెమ్మ ఉంది.

ఏడు నెలలకి తలుపులు తీశారు.
కొబ్బరికాయ కొట్టారు, స్విచ్చి నొక్కారు.
లాగ్ పుస్తకంలో ఆ రోజు పేజీ రాసింది నేనే.
'అసాధారణ శబ్దం: లేదు.'
ఎవరూ ఆ గడిని రెండోసారి చదవలేదు.
కొత్త యాజమాన్యం జాబితాలో
యాభై ఎనిమిది దాటినవాళ్ల పేర్లు లేవు.

ఇప్పుడు మాకు కంపనం కొలిచే మీటరుంది.
పచ్చ దీపం, ఎర్ర దీపం.
మంచిదే. దాన్నే నమ్ముతాను, అదే రాసి సంతకం పెడతాను.
స్క్రూడ్రైవరు నా సొరుగులో ఉంది,
పిడి మీద రెండు వరసల గాట్లతో.

మొన్న చూడ్డానికి వెళ్తే
నులక మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు.
డాక్టరు నెల్లాళ్లు కదపొద్దన్నాడట.
"ఆడికేటి తెల్సు," అన్నాడు.
అంతలో గూడ్సు వచ్చింది. అతనికి వినపడలేదు.
మంచం పట్టె మీద అరచెయ్యి ఉంచి
బళ్లన్నీ అయ్యేదాకా నావైపే చూశాడు.
నేను మడమ కింద చెయ్యి వేశాను.