మిద్దె తాళం

హరనాథపురంలో మా అపార్ట్‌మెంటు.
అయిదంతస్తులు, ఇరవై కొంపలు,
ఒక్కటే మెట్లదారి.
మిద్దె తలుపు తాళం చెవి నా దగ్గర ఉండేది.
ఎందుకంటే నేను సెక్రటరీని.
ఎందుకంటే పోయిన వేసవిలో
ఆరబెట్టిన నా మాగాయ ముక్కలు
ఎవరో సగానికి సగం ఎత్తుకుపోయారు.
ఆ కోపంతో కొన్నాను ఇత్తడి తాళం,
సంతపేటలో, గీచి గీచి బేరమాడి.

మినిట్స్ పుస్తకం నా చేతిరాతే.
మార్చి నెల: ఎర్ర సిలిండర్లకు గడువు తీరింది,
ఇంటికి నాలుగొందలు.
నూటొకటి వాళ్లు: "మేం దూకినా కాలు బెణకదు, మాకెందుకు?"
అయిదొందల రెండు: "మేం బాడుగోళ్లం, ఓనర్నడగండి."
ఓనరు ఫోనెత్తడు.
"తదుపరి సమావేశమున చర్చించబడును"
అని రాసి, కింద గీత కొట్టి,
టీ తాగాం.
టీ డబ్బులు మాత్రం అక్కడికక్కడే వసూలయ్యాయి.

ఒక సిలిండరును పెంచలయ్య
గేటు గాలికి కొట్టుకోకుండా ఆనించి పెట్టాడు.

మెట్ల మీద,
రెండో అంతస్తులో మొలకొలుకుల బస్తాలు,
మూడో దాంట్లో ఖాజావలి గారి మనవడి సైకిలు,
నాలుగో దాంట్లో
(ఇక్కడ చెయ్యి ఆగుతుంది)
నా చెప్పుల స్టాండు, దాని నెత్తిన
రేటు పెరిగితే అమ్ముదామని
మూడేళ్ల పాత పేపర్లు.

రోహిణి కార్తె. రాత్రి ఒంటిగంట దాటింది.
ఎండిన పెన్నలో ఒక్క చెలమ చుట్టూ
ఊరి బిందెలన్నీ మూగినట్టు
ఒకే వైరును పీలుస్తున్నాయి ఇరవై ఇళ్ల ఏసీలు.

ముందు వాసన తగిలింది వెంగమ్మకు.
పెంచలయ్య పెళ్లాం.
మీటరు బోర్డుకు ఎనిమిదడుగుల్లో ఆమె మంచం.
మెయింటెనెన్సు కట్టదు,
మీటింగులో కుర్చీ లేదు.
గరిటెతో సత్తు తపేలా మోగిస్తా
"లెయ్యండమ్మా, పొగ, పొగ" అని
తలుపు తలుపూ బాదుకుంటూ
అయిదో అంతస్తు దాకా ఎక్కింది ఆ మనిషే.

మెయిను లాగబోయి పెంచలయ్య చెయ్యి కాల్చుకున్నాడు.
చీకటి.
కింద పొగ చిక్కబడింది. అందరం పైకే.
మిద్దె తలుపు ముందు పదిహేడు మందిమి,
ఒక చంటిది, ఒక బాలింత, దగ్గులు.
"చెవి ఎవరి దగ్గరుండాది?"

పూజ గూట్లో.
పద్నాలుగు చెవుల గుత్తిలో.
గోడ తడుముకుంటూ ఒక అంతస్తు దిగాను.
నా స్టాండే నా మోకాలి కింద చీరింది.
గుత్తి దొరికింది. ఏ చెవో వేళ్లకు తెలియలేదు.

తిరిగొచ్చేసరికి మాల్యాద్రి,
అయిదొందల రెండు, రొయ్యల మేత లారీ తోలే బాడుగ మనిషి,
రోకలితో గొళ్లెం పెకలించేశాడు.
తాళం మాత్రం తెగలేదు. గట్టిదే కొన్నాను.

గాలి.
మామూలు నెల్లూరి గాలి, వేడిది, దుమ్ముది.
నోరు తెరిచి తాగాం.

పొద్దున ఫైరింజను ఆయన
"బాధ్యులెవరండీ?" అంటే
అందరం కాళ్ల వంక చూసుకున్నాం.
సగం మందికి చెప్పుల్లేవు.

ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పినదాన్ని.
చర్చించబడును.
కర్త ఎక్కడరా అని పిల్లల్ని నిలబెట్టేదాన్ని.
ఇరవై ఇళ్లవాళ్లం
ఆ ఒక్క మాటలో దాక్కున్నాం, నేనే రాసి పెట్టాను.

మిద్దె తలుపుకిప్పుడు గొళ్లెం లేదు.
రాత్రంతా టపటపా కొట్టుకుంటుంది.
నిద్ర చెడుతుంది, చెడనీ.
సైకిలు కిందికి దిగింది. బస్తాలు ఇంకా దిగలేదు,
రోజూ తలుపు కొడతాను, రేపంటారు.

ఆదివారం మీటింగులో వెంగమ్మకు కుర్చీ వేశాం.
కూర్చోలేదు. మసి గోడకు ఆనుకుని అడిగింది:
"బోర్డు కాడ్నించి మంచం జరపమంటిరే,
యాడికమ్మా?"

ఎవరూ మాట్లాడలేదు.
ఆమె మాట ఆమె అన్నట్టే రాసుకున్నాను, "యాడికి?" అని.
ఈసారి కింద గీత కొట్టలేదు.